డాక్టరు చేతికి దొరకని మోకాలు

భాల్కి బస్టాండులో బస్సు వెనక్కి తీసేటప్పుడు కండక్టరు కిందికి దిగి, వెనక నిలబడి విజిల్ వేయాలి. నేను బీదర్–భాల్కి రూటులో కండక్టరుని. బస్సు పూర్తిగా ఆగకముందే మెట్టు దిగడం మా డిపోలో అందరికీ ఉన్న జబ్బే, నాకూ ఉంది. ఆ రోజు వాన వెలిసిన కాసేపటికి అలాగే దిగాను. కుడి పాదం గుంతలో ఇరుక్కుంది. ఒళ్లు మాత్రం బస్సు వెనక వైపుకు తిరిగిపోయింది. మోకాలి లోపల 'టప్'మని ఏదో తెగినట్టయింది. చెవులతో విన్నానా, లోపలే తెలిసిందా అంటే ఇప్పటికీ చెప్పలేను.

"ఏమైందక్కా?" అని డ్రైవర్ బసన్న కిటికీలోంచి తల బయటపెట్టాడు. ఆయన ఇంట్లో మాట్లాడేది కన్నడం, నాతో మాత్రం తెలుగులో మాట్లాడతాడు.

"ఏం లేదన్నా, కాలు మడతపడ్డది. నువ్వు రా వెనక్కి" అని విజిల్ వేశాను.

బస్సు బీదర్ చేరేలోపే మోకాలు ఉబ్బిపోయింది. ఇంజన్ పక్క సీటులో కాలు చాపుకొని కూర్చుని, టికెట్లు అక్కడి నుంచే ఇచ్చాను. అందరూ ముందుకు రావాలంటే జనం ఊరికే వస్తారా? మహారాణిగారు కదలరట అని వెక్కిరించి మరీ వచ్చారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే కింద కాలు కదిలించి చూసుకుంటున్నాను.

నా పేరు సవిత. పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ ఖటక్ చించోళి వైపు తెలుగు ఇళ్లే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఆ కన్నడమే నాకు ఈ ఖాకీ చొక్కా తెచ్చిపెట్టింది. మా ఆయన నౌబాద్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో మిషన్ ఆపరేటరు, మేముండేదీ నౌబాద్‌లోనే. దెబ్బ తగిలేనాటికి నా ట్రైనీ గడువు ఇంకా పూర్తి కాలేదు. కదిలే బస్సులో నిలబడలేని కండక్టరును ఎవరు పర్మనెంటు చేస్తారు? అందుకే మొదటి రోజు నుంచీ నా భయం నొప్పి గురించి కాదు, ఉద్యోగం గురించి.

ఆ రాత్రి పసుపూ సున్నం కలిపి పట్టు వేసుకుని పడుకున్నాను. పొద్దున లేచేసరికి కాలు నేలమీద మోపలేకపోయాను. మా ఆయనకు షిఫ్టు. ఆయన వాళ్ల అన్నకు ఫోన్ చేశాడు.

మా ఇంట్లో ఎవరికి ఒళ్లు బాగాలేకపోయినా దవాఖానకు తీసుకుపోయేది ఆ అన్నే, నాకు బావ. పేరు మాణిక్. ఊళ్లో సేద్యం చేస్తాడు. బీదర్‌లో ఏ డాక్టరు ఏ గల్లీలో కూర్చుంటాడో, ఏ వేళకు వెళ్తే రద్దీ ఉండదో అన్నీ ఆయనకు తెలుసు. మా అత్తగారి కళ్ల ఆపరేషన్, మా ఆయన కామెర్లు, నా కాన్పు అన్నీ ఆయన చేతుల మీదే జరిగాయి. ఆ పొద్దున పొలంలో పని వదిలేసి బండి మీద వచ్చాడు. నన్ను ఆటోలో కూర్చోబెట్టి, తను బండి మీద వెనకే వచ్చాడు.

"ఫికర్ జెయ్యకమ్మా. గీ డాక్టర్ చెయ్యి పెట్టి చూస్తె చాలు, ఏమున్నదో చెప్పేస్తడు" అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బావ ముందు నేను నెత్తిన కొంగు తీయను, గొంతు పెంచను. ఇది ఆయన పెట్టిన రూలు కాదు. ఎవరు పెట్టారో కూడా నాకు తెలియదు. మా వైపు ఇళ్లలో తమ్ముడి భార్య అలాగే ఉంటుంది, నేనూ అలాగే ఉన్నాను. బస్సులో ఇంతింత మీసాలున్న మగవాళ్లను "ఒళగె హోగి, ఒళగె హోగి" అని లోపలికి నెట్టే మనిషిని, బావ పక్కనుంటే కుక్కిన పేనునైపోతాను.

మొదటి డాక్టరు మంచివాడే. ఓపికగా అడిగాడు. ఎలా పడ్డారు, లోపల చప్పుడేమైనా వచ్చిందా, వాపు ఎంతసేపటికి వచ్చింది అని కన్నడంలో అడిగాడు. అన్నిటికీ బావే జవాబు చెప్పాడు. జర మడతపడిందని, చప్పుడేం లేదని, రాత్రి పడుకున్నాక వాచిందని. నేను ఇంట్లో చెప్పిందే ఆయన చెప్పాడు. టప్‌మన్న చప్పుడు, బస్సు దిగేలోపే వచ్చిన వాపు నేను ఇంట్లో చెప్పలేదు కదా. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కన్నడంలో అరిచే నేను, ఆ గదిలో నోరు తెరవలేదు.

తర్వాత మంచం ఎక్కించి చీర కొంచెం పైకి జరపమన్నాడు. మోకాలి చిప్ప కనిపించేంత వరకే జరిపి, అంచును పిడికిట్లో బిగించాను. బావ మంచం కాళ్ల వైపు నిలబడి, సీలింగ్ ఫ్యాన్ వైపే చూస్తున్నాడు. డాక్టరు ఒక చేత్తో తొడ కింది భాగం పట్టుకుని, ఇంకో చేత్తో పిక్క పైన పట్టుకుని ముందుకు లాగాడు. ప్రాణం పోయినట్టయింది.

"రిలాక్స్... రిలాక్స్..."

"రిలాక్స్‌గానే ఉన్నాను సర్" అన్నాను.

మళ్లీ లాగాడు. ఎక్స్-రే చూశాడు. "లాక్‌మన్ నెగటివ్. లిగమెంట్ ఓకే. ఇది స్ప్రెయిన్. క్రేప్ బ్యాండేజ్ కట్టుకుని రెస్ట్ తీసుకోండి" అన్నాడు. అలా లాగి చూడటమే లాక్‌మన్ పరీక్షట, లిగమెంట్ అంటే లోపల ఎముకలను పట్టి ఉంచే పట్టీలాంటిదట. బయటికి వచ్చాక బావ మొహం వెలిగిపోయింది. "చెప్పలె? చెయ్యి పెట్టంగనె చెప్పేసిండు" అన్నాడు. నాకూ ఎంత సంతోషమంటే, ఆటోలో కూర్చుని మోకాలిని చేత్తో తట్టాను.

వాపు తీసింది. నడవగలిగాను. డ్యూటీలో చేరాను. కొన్నాళ్లు అంతా బాగానే ఉన్నట్టనిపించింది. మెట్లు దిగేటప్పుడు మాత్రం కాలు నా మాట వినడం లేదేమోనని ఒక అనుమానం. నేరుగా నడిస్తే ఏమీ లేదు. పక్కకు తిరిగితే మోకాలు ఒక క్షణం నాది కాకుండా పోయి, మళ్లీ వచ్చేది. నొప్పి అని చెబుదామంటే నొప్పి కాదు. మరి ఏమిటి? దానికి నా దగ్గర మాట లేదు. మాట లేనిది ఎవరికి చెప్పాలి?

ఒక రోజు నౌబాద్ దగ్గర మలుపులో బస్సు తిరిగింది, మోకాలు జారింది. నేను వెళ్లి కిటికీ పక్క కూర్చున్న ఒక ముసలాయన ఒళ్లో పడ్డాను. ఆయన ఒళ్లో అప్పటికే ఒక మేకపిల్ల ఉంది.

"అరె కూసో బిడ్డా, కూసో. మేకకు టికెట్ అడగకుంటె సాలు" అన్నాడాయన.

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వుతూ లేచాను. బీదర్‌లో బస్సు ఖాళీ అయ్యాక వెనక సీటులో కూర్చుని ఏడ్చాను. బసన్న చూసి, చూడనట్టు టైర్లు తట్టుకుంటూ పోయాడు.

డిపోలో మాటలు మొదలయ్యాయి. "రిపోర్ట్ నార్మల్ వచ్చిందంట గదా, మరేంది నీ కాలు?" అని ఒకరు. "సవితక్క కాలు లాంగ్ రూట్ అంటెనే నొస్తది" అని ఇంకొకరు. వాళ్ల మీద కోపం వచ్చింది కానీ, నిజం చెప్పాలంటే అదే మాట నేనూ నన్ను అడుగుతున్నాను. డాక్టరు రెండు చేతులతో పట్టుకుని లాగి మరీ ఏం లేదన్నాడు. అయినా పడుతున్నాను. అంటే పడతానన్న భయంతోనే పడుతున్నానా? నా మోకాలు చెడిందా, బుర్ర చెడిందా?

మా ఆయన సెలవు పెట్టి రెండో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. బావ కూడా వచ్చాడు, ఆయన రాకుండా మా ఇంట్లో దవాఖాన ప్రయాణం ఉండదు. ఈ డాక్టరు కాలు పూర్తిగా మడిచి, పాదం పట్టుకుని తిప్పాడు. మోకాలి లోపలి వైపు సూదిలా పొడిచింది, అరిచాను. "మెనిస్కస్" అన్నాడు వెంటనే. మోకాలి ఎముకల మధ్య ఉండే మెత్తలాంటిదట అది. ఎం.ఆర్.ఐ. రాశాడు.

ఆ రిపోర్టులో నాకు అర్థమయ్యే ముక్క ఒక్కటి లేదు. డాక్టరు చదివి చెప్పాడు. ఏ.సి.ఎల్. అనే లిగమెంట్‌లో పార్షియల్ టేర్, అంటే సగం తెగిందట. మెనిస్కస్‌లో గ్రేడ్ టూ సిగ్నల్ అట. "లిగమెంట్ సగం ఉంది కాబట్టి దాన్ని వదిలేద్దాం. మెనిస్కస్‌ను స్కోప్ పెట్టి క్లీన్ చేద్దాం. చిన్న ఆపరేషన్" అన్నాడు.

బావకు ఇది నచ్చలేదు. ఆ ఫిల్ములు పట్టుకుని మళ్లీ మొదటి డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన ఫిల్ములు చూసి, మళ్లీ నన్ను మంచం ఎక్కించి, మళ్లీ కాలు పట్టుకుని లాగాడు. బావ మళ్లీ ఫ్యాన్ వైపు చూశాడు. నేను మళ్లీ చీర అంచు పట్టుకున్నాను. "నా చేతికి గట్టిగానే దొరుకుతోంది. ఎం.ఆర్.ఐ. ఒక్కోసారి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఆపరేషన్‌కు తొందరపడకండి" అన్నాడు.

ఇక ఇంట్లో అన్నదమ్ముల పంచాయితీ మొదలైంది.

"మిషన్ అబద్ధం చెప్తదానే అన్నా? లోపల ఏమున్నదో అదే చూపిస్తది" అని మా ఆయన. రోజంతా మిషన్ ముందు నిలబడే మనిషి మరి.

"మిషన్ ఫోటో తీస్తదిరా. కాలు పట్టుకొని గుంజి చూస్తదా? డాక్టర్ రెండు సార్లు గుంజి చూసిండు" అని బావ.

మధ్యలో నేను. ఒక డాక్టరు ఏమీ లేదంటాడు. ఇంకో డాక్టరు మెనిస్కస్ అంటాడు. కాగితం ఏ.సి.ఎల్. సగం తెగిందంటుంది. మోకాలేమో ఒకటే. మంచం మీద కూర్చుని డాక్టర్లు పట్టుకున్నట్టే పట్టుకుని నేనే లాగి చూసుకున్నాను. ఒక రోజు కదిలినట్టుండేది, ఒక రోజు కదలనట్టుండేది. ఎడమ కాలు లాగితే అదీ కదిలినట్టే ఉండేది. రెండు కాళ్లూ తెగాయా ఏమిటని నాకు నేనే బెదిరిపోయేదాన్ని. అటు డిపోలో ట్రైనీలను పర్మనెంటు చేసే ముందు జరిగే ఫిట్‌నెస్ పరీక్ష దగ్గర పడుతోంది. ఆపరేషన్ చేయించుకుంటే సెలవు ఎక్కువవుతుంది, చేయించుకోకపోతే బస్సులో ఎవరి ఒళ్లోనో మళ్లీ పడతాను. ఏది తప్పో ముందుగా చెప్పేవాళ్లు కనిపించలేదు.

చివరికి రెండో డాక్టరే అన్నాడు, మీకు నమ్మకం లేకపోతే ఇంకొకరికి చూపించుకోండి అని. అలా ప్రభుత్వ దవాఖానలోని పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన నారాయణఖేడ్ వైపు మనిషి, మనలాగే మాట్లాడతాడు. గదిలోకి అందరం ఒక్కసారే వెళ్లాం. ఆయన తల కూడా ఎత్తలేదు.

"పేషెంట్ ఒక్కతే ఉండాలె. ఇంటోళ్లు బయట కూసోండ్రి. సిస్టర్ ఉంటది."

మా ఆయన ఏదో చెప్పబోయాడు. బావ మాత్రం "పా రా" అని తమ్ముడి భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకెళ్లాడు. తలుపు మూసుకుంది.

"ఇగ చెప్పమ్మా, నువ్వే చెప్పు. ఏమైంది?"

అంతవరకు ఏ గదిలోనూ నేను నోటితో చెప్పని సంగతులన్నీ చెప్పాను. గుంత, టప్‌మన్న చప్పుడు, బస్సు బీదర్ చేరేలోపే వచ్చిన వాపు, మలుపులో మోకాలు జారడం. మేకపిల్ల సంగతి కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు, రాసుకున్నాడు.

"చప్పుడు వచ్చింది, గంటల్లోనె వాచింది అంటె లోపల రక్తం కారినట్టు. ఇంతకు ముందు ఎవ్వరికీ చెప్పలేదా గీ మాట?"

"బావ చెప్పిండు సర్."

"బావ మోకాలా గిది?"

మంచం ఎక్కమన్నాడు, కొంగు సర్దుకుని ఎక్కాను.

ముందు ఎడమ కాలు చూశాడు. దెబ్బ తగిలింది కుడి కాలికి సర్ అన్నాను. "మంచి కాలు ఎంత కదుల్తదో తెల్వకపోతె, ఖరాబ్ కాలు ఎంత కదిలిందో ఎట్ల తెలుస్తది?" అన్నాడు. అప్పుడు అర్థమైంది, మంచి మోకాలు కూడా కొంచెం కదులుతుందని. ఊరికే బెదిరాను.

తర్వాత కుడి తొడ కింద దిండు పెట్టాడు. పట్టుకున్నాడు, లాగలేదు. తొడ వెనక నరాన్ని వేలితో మీటాడు.

"కాలు వదులు చెయ్యమ్మా."

"వదిలిన సర్."

"వదిలితె ఇది తాడు లెక్క ఎందుకున్నది? చెయ్యి పెట్టి చూడు నువ్వే."

చెయ్యి పెట్టి చూశాను. నిజంగానే బిగుసుకుని ఉంది. నేను వదిలేశాననుకున్న కాలు వదల్లేదు. నాకు మతిపోయింది. నా కాలు గురించి నాకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఆయన చెయ్యి తీయకుండా ఊరికే మాట్లాడటం మొదలుపెట్టాడు. ఏ రూటు, డ్రైవరు ఎట్లాంటివాడు, భాల్కి రోడ్డు ఇప్పుడు బాగైందా అని. రోడ్డు గురించి అడిగితే కండక్టరు ఊరుకుంటుందా? గుంతలన్నీ ఒక్కొక్కటే తిడుతున్నాను. మధ్యలో ఆయన ఒక్కసారి లాగాడు. మోకాలి కింది ఎముక బల్ల సొరుగులా ముందుకు జారింది. ఆయనకు తెలిసింది, సిస్టరుకు కనిపించింది, నాకూ తెలిసింది. బస్సులో మలుపు దగ్గర అయ్యేది ఇదే. ఇన్ని రోజులు మాట దొరకని సంగతి ఇదే. భయపడాల్సింది పోయి నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నా బుర్ర చెడలేదు!

"లాక్‌మన్ పాజిటివ్" అన్నాడు సిస్టరుతో. తర్వాత పాదం తిప్పి చూశాడు. లోపలి వైపు నొప్పి ఇప్పుడు పెద్దగా లేదు. "మెనిస్కస్‌ది ఇప్పుడు చెయ్యాల్సిన పని ఏం లేదు. లిగమెంట్‌ది ఉన్నది."

"సర్, మొదటి డాక్టరు రెండు సార్లు చూసి గట్టిగున్నది అన్నడు. ఆయన తప్పు చూసిండా?"

"ఆయన చెయ్యి తప్పు గాదు. వాపుల, నొప్పిల ఎవ్వరు చూసినా సగం తెల్వదు. వాపు దిగినంక చూసినప్పుడు కూడ నువ్వు గిట్లనే బిగపట్టి ఉంటవు. తొడ వెనక కండ బిగిసిందంటె, తెగిన లిగమెంట్ పని అది చేస్తది. ఎముకను ముందుకు రానియ్యది."

"అయితె మీరు చూసింది నూటికి నూరు నిజమా సర్?"

ఆయన కళ్లద్దాలు తీశాడు. "కాదు. చెయ్యి నూటికి నూరు గాదు, ఎం.ఆర్.ఐ. గాదు, నువ్వు చెప్పేది కూడ గాదు. మూడు ఒక్క తీరు చెప్తె నమ్ముత. నీ మాట, నా చెయ్యి ఒక్కటే చెప్తున్నయి. ఫోటో సగం ఒప్పుకుంటున్నది."

నూటికి నూరు అని ఉంటే బాగుండేదని నాకు అనిపించింది. మనిషికి కష్టంలో ఉన్నప్పుడు సగం సగం మాటలు గిట్టవు. కానీ ఆ గదిలోంచి బయటికి వస్తూ మొదటిసారి నేను కొంచెం నిమ్మదిగా ఉన్నాను.

ఆయన వెంటనే కోయనూ లేదు. ముందు ఫిజియోథెరపీ అన్నాడు. కొందరికి కండ బలపడితే ఆపరేషన్ లేకుండానే సరిపోతుందట. మనసారా చేశాను. నడకకు సరిపోయింది, బస్సుకు సరిపోలేదు. ఆగి ఉన్న బస్సులో బసన్న నన్ను అటూ ఇటూ తిరగమని చూశాడు. తిరిగాను, జారింది. "అక్కా, చేయించుకో" అన్నాడు. అదే రోజు ఒప్పుకున్నాను. డిపోలో అర్జీ పెట్టుకుంటే నా ఫిట్‌నెస్ వాయిదా వేశారు, రద్దు చేయలేదు. కాలు కుదిరితే ఉద్యోగం ఉంటుంది, కుదరకపోతే లేదు. అంతే తేడా.

ఆపరేషన్‌కు నడుములో ఇంజెక్షన్ ఇచ్చారు. మెలకువగానే ఉన్నాను, నడుము కింద నాకేమీ తెలియలేదు. మధ్యలో గుడ్డ అడ్డం కట్టారు. గుడ్డ పైనుంచి నా కాలు ఎవరి చేతుల్లోనో పైకి లేవడం కనిపించింది. వదులుగా, బట్టలా ఊగుతోంది. బిగపట్టాలన్నా నా వల్ల కాదు. "చూడండ్రి, ఇప్పుడు పివట్ షిఫ్ట్ ఎంత సాఫ్‌గా వస్తున్నదో" అని పెద్ద డాక్టరు పక్కనున్న చిన్న డాక్టర్లకు చూపిస్తున్నాడు. మోకాలు అలా జారడాన్నే పివట్ షిఫ్ట్ అంటారట. ఎక్కడ లేని సిగ్గూ ఉన్న నాకు ఆ క్షణంలో ఏ సిగ్గూ లేదు. ఆ కాలు అలా ఊగుతుంటే ఇంకెవరి కాలో అన్నట్టు చూస్తూ పడుకున్నాను.

లోపల చూస్తే లిగమెంట్ సగం కాదు, పూర్తిగానే తెగిందట. తెగిన కొస పక్కనున్న ఇంకో లిగమెంట్‌కు అతుక్కుని కూర్చుందట. అందుకే ఫోటోలో సగం ఉన్నట్టు కనిపించిందని, చేత్తో లాగినప్పుడు కూడా కొంచెం పట్టి ఉంచి ఉంటుందని డాక్టరు తర్వాత చెప్పాడు. మరి మొదటి డాక్టరుకు దొరకనిది నా కండ బిగువు వల్లనా, ఆ అతుక్కున్న కొస వల్లనా అని అడిగాను. "రెండూ. ఏది ఎంత అని నన్నడగకు, నాకు తెల్వది" అన్నాడు. అప్పటికి ఇలాంటి జవాబులు నాకు అలవాటైపోయాయి.

ఆపరేషన్ తర్వాత మోకాలు మడత పడకుండా బిగుసుకుపోయింది. అంతకుముందు వదులని ఏడ్చాను, ఇప్పుడు బిగువని ఏడ్చాను. ఫిజియోథెరపీ అమ్మాయి నవ్వుతూనే వంచేది, నేను అరుస్తూనే వంచేదాన్ని. ఆ రోజుల్లో మళ్లీ పాత దిగులు పట్టుకుంది, అసలు మూడో డాక్టరు మాట వినడమే తప్పేమో అని. ఊరి నుంచి మా తోటికోడలు వచ్చి ఉండి వండిపెట్టింది, బాబును చూసుకుంది. నెమ్మదిగా మడత వచ్చింది. కొన్ని నెలలకు ఆగి ఉన్న బస్సులో నిలబడ్డాను, తర్వాత కదిలే బస్సులో.

ఫిట్‌నెస్ రోజున అక్కడి డాక్టరు మోకాలు పట్టుకోగానే కన్నడంలో అన్నాను, "కాస్త ఆగండి సర్, కాలు వదులు చేసుకుంటాను. ముందు ఎడమ కాలు చూడండి" అని. ఆయన వింతగా చూసి, సరేనని ఎడమ కాలు పట్టుకున్నాడు. ఫిట్ అని రాశాడు. ఇప్పుడు పర్మనెంటు అయ్యాను, అదే రూటులో ఉన్నాను. చలికాలం పొద్దున్నే మోకాలు కొంచెం పట్టేస్తుంది. ఎప్పుడైనా మలుపులో తేడాగా అనిపిస్తే అది మోకాలా, భయమా అన్నది ఇంకా సరిగా తెలియదు. కడ్డీ పట్టుకుంటాను, మలుపు అయిపోతుంది. బస్సు ఆగాకే దిగుతాను.

చదివేవాళ్లకు ఒక్క మాట. డాక్టరు మీ ఒంటి మీద చెయ్యి వేసి చూసేటప్పుడు, ఎవరి ముందు మీరు ముడుచుకుంటారో వాళ్లను బయటికి వెళ్లమనండి. ఎవరో ఒకరు తోడు కావాలంటే సిస్టరును ఉండమనండి. వాపులో ఉన్నప్పుడు ఏమీ లేదంటే, వాపు తగ్గాక ఇంకోసారి చూడమని మీరే అడగండి. అంత పెద్దవాళ్లను బయటికి పొమ్మని ఎలా అంటాం అని మీరనొచ్చు. నేనూ అదే అనుకున్నాను. అందుకే మా బావ సంగతి చెప్పి ముగిస్తాను.

ఆపరేషన్ అయినప్పటి నుంచి బావ మొదటి డాక్టరు మీద మండిపడుతున్నాడు. "గాయనకు చెయ్యి తెల్వది, మా సవితమ్మను పరేషాన్ చేసిండు" అని ఊరంతా చెప్పాడు. ఆయన మాట మీద మా ఊరివాళ్లు ఆ డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేశారు. నాకు తెలుసు అందులో ఆ డాక్టరు తప్పు ఎంత తక్కువో. అయినా నోరు మెదపలేదు. బావకు ఏమని చెప్పను? పనులు మానుకుని నన్ను తిప్పిన మనిషితో, మీరు పక్కనుండటం వల్లే అని ఏ నోటితో అనను?

మొన్న ఆయన నా బస్సే ఎక్కాడు. పక్కన పొరుగింటి ఆయన, మోకాలికి గుడ్డ కట్టుకుని. బీదర్ దాకా బావ అదే చెబుతున్నాడు, ఆ డాక్టరు దగ్గరికి మాత్రం పోవద్దని. బస్టాండులో ఇద్దరూ దిగాక నేనూ దిగి, బావను చాయ్ బండి పక్కకు పిలిచాను. ఖాకీ చొక్కా మీద ఉన్నాను, నెత్తిన కొంగు లేదు. అయినా చెప్పాను.

"బావా, ఆ డాక్టర్‌ను ఏమనకుండ్రి. మీరు ముందట నిలవడితె నాకు సిగ్గయ్యి కాలు బిగవట్టిన. చప్పుడు వచ్చిన సంగతి గూడ చెప్పలె. ఆయనకు ఎట్ల దొరుకుతది? అంత దాని వల్లనే అని గాదు, కొంత దాని వల్లనే అని పెద్ద డాక్టర్ అన్నడు."

బావ తీసుకున్న చాయ్ గ్లాసు తాగకుండానే బండి మీద పెట్టాడు. కోపం వచ్చిందేమో, నొచ్చుకున్నాడేమో నాకు తెలియలేదు. ఆయన మొహంలో నాకు కనిపించింది ఆశ్చర్యమొక్కటే.

"గా మాట గప్పుడే అంటె, నేను బయటికి పోతుంటి గదమ్మా" అన్నాడు.